విమానం ఎక్కాక భోజనం రాకపోతే.. షుగర్ పేషెంట్ల సంగతేంటి? ‘స్పెషల్ మీల్’ రూల్స్‌లో అసలు లోపం ఇదే!

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్లు, ఆస్ట్రేలియాలో చదువుకోడానికి వెళ్లే స్టూడెంట్లు.. తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా లక్షల మంది లాంగ్ జర్నీలు చేస్తున్నారు. వాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గోధుమ పడనివాళ్లు చాలామందే ఉంటారు. టికెట్ బుక్ చేసేటప్పుడు ‘డయాబెటిక్ మీల్’ అని ఒక టిక్కు పెడితే పనైపోయిందని ఇంట్లో వాళ్లు అనుకుంటారు. కానీ ఆ టిక్కు కేవలం ఒక రిక్వెస్ట్. విమానం లేటైనా, దారి మళ్లినా, అసలు భోజనమే ఇవ్వని టికెట్ అయినా ఆ రిక్వెస్ట్‌కు విలువ ఉండదు. అప్పుడు పరిస్థితేంటి? రూల్స్ ఏం చెబుతున్నాయి? ప్రయాణికులు ఏం చేయాలి?

ఆ టిక్కు గ్యారంటీ కాదు

పెద్ద విమానయాన సంస్థలన్నింటిలో స్పెషల్ మీల్స్‌కు నాలుగు అక్షరాల కోడ్‌లు ఉంటాయి. డయాబెటిక్ మీల్‌కు ‘డీబీఎంఎల్’, ఉప్పు తక్కువ మీల్‌కు ‘ఎల్‌ఎస్‌ఎంఎల్’, గ్లూటెన్ లేనిదానికి ‘జీఎఫ్‌ఎంఎల్’, మన ఇండియన్ వెజ్‌కు ‘ఏవీఎంఎల్’, జైన్ మీల్‌కు ‘వీజేఎంఎల్’. ఎక్కువ సంస్థల్లో విమానం బయల్దేరడానికి కనీసం 24 గంటల ముందే చెప్పాలి. కొన్ని రకాలకు ఇంకా ముందే చెప్పాల్సి ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కో, చికాగోకో వెళ్లేవాళ్లలో చాలామంది మధ్యలో ఒక చోట విమానం మారతారు. టికెట్ ఒక సంస్థది, రెండో విమానం నడిపేది ఇంకో సంస్థ అయితే మొదటి సంస్థకు చెప్పిన మీల్ రెండో సంస్థకు చేరిందో లేదో గ్యారంటీ లేదు. విడిగా కనుక్కోవాల్సిందే. ఇక మొదటి విమానం లేటై కనెక్షన్ మిస్సయితే వేరే విమానంలో సీటిస్తారు. ఆ విమానం ఆరేడు గంటల్లోనే ఉంటే 24 గంటల గడువు ఎప్పుడో దాటిపోయినట్టే. అంటే ప్రయాణంలో ఇబ్బంది మొదలైన రోజే స్పెషల్ మీల్ కూడా చేజారిపోతుంది. సరిగ్గా అవసరమైనప్పుడే పనిచేయని ఏర్పాటు ఇది.

ఇంకో విషయం. డయాబెటిక్ మీల్ అంటే కార్బోహైడ్రేట్లు లేని భోజనం కాదు. చక్కెర, కొవ్వు తగ్గించినా అందులో బ్రెడ్, అన్నం, పండ్ల ముక్కలు ఉండొచ్చు. ఎన్ని గ్రాముల కార్బ్స్ ఉన్నాయో ట్రే మీద రాసి ఉంటుందని చెప్పలేం. ఇన్సులిన్ డోసు లెక్కపెట్టుకుని వేసుకునేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పే.

భోజనం లేని టికెట్లతో కొత్త సమస్య

టికెట్ ధర తగ్గించేందుకు లో-కాస్ట్ సంస్థలు భోజనాన్ని టికెట్ నుంచి విడదీశాయి. కావాలంటే ముందే డబ్బు కట్టి బుక్ చేసుకోవాలి. లేదంటే ఫ్లైట్‌లో కొనుక్కోవాలి. ఫ్లైట్‌లో అమ్మేది స్టాక్ ఉన్నంత వరకే. అందులోనూ కప్ నూడుల్స్, బిస్కెట్లు, శాండ్‌విచ్‌లు, జ్యూస్‌లే ఎక్కువ. షుగర్ పేషెంట్‌కు, గోధుమ పడనివారికి, ఉప్పు తగ్గించాల్సిన కిడ్నీ పేషెంట్‌కు వీటిలో పనికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు లో-కాస్ట్ సంస్థ స్కూట్ విమానం నడుస్తోంది. ఆ ప్రయాణం సుమారు 4 గంటలు. అక్కడి నుంచి అదే సంస్థ విమానంలో మెల్‌బోర్న్ వెళితే ఇంకో ఏడెనిమిది గంటలు. మధ్యలో సింగపూర్‌లో వెయిటింగ్. మీల్ విడిగా కొనకపోతే ఇంత ప్రయాణంలోనూ ట్రే రాదు.

గల్ఫ్ ప్రయాణం పేరుకు నాలుగు గంటలే. కానీ జగిత్యాల నుంచో, నిజామాబాద్ నుంచో బయల్దేరే మనిషి లెక్క వేరు. ఊరి నుంచి శంషాబాద్‌కు నాలుగైదు గంటలు. ఎయిర్‌పోర్టులో మూడు గంటల ముందే ఉండాలి. దుబాయ్‌కి నాలుగు గంటలు. దిగాక ఇమిగ్రేషన్, లగేజీ, క్యాంపుకు బస్సు. అన్నీ కలిపితే 14 గంటలకు తగ్గదు. ఇన్ని గంటల్లో షుగర్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ఏం తిని వేసుకోవాలి అని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఎయిర్‌పోర్టులో తిండి ధరలు చూసి ఖాళీ కడుపుతోనే విమానం ఎక్కేవాళ్లూ ఉన్నారు.

గంటలు కాదు.. రోజులే!

2025 ఏప్రిల్ 2న లండన్ నుంచి ముంబైకి బయల్దేరిన వర్జిన్ అట్లాంటిక్ విమానంలో ఒక ప్రయాణికుడికి ఆరోగ్యం దెబ్బతినడంతో దాన్ని టర్కీలోని దియార్‌బకిర్‌కు మళ్లించారు. ల్యాండ్ అయ్యాక టెక్నికల్ సమస్య బయటపడింది. అది సైనిక విమానాశ్రయం కూడా కావడంతో 200 మందికి పైగా ప్రయాణికులు సుమారు 40 గంటల పాటు అక్కడే ఉండిపోయారు. వాళ్లలో ఎక్కువమంది భారతీయులే. తిండి, టాయిలెట్ల కోసం ఇబ్బంది పడుతున్నామంటూ సోషల్ మీడియాలో వీడియోలు పెట్టారు.

అంతకుముందు 2024 డిసెంబర్‌లో ముంబై నుంచి బహ్రెయిన్ మీదుగా మాంచెస్టర్ వెళ్తున్న గల్ఫ్ ఎయిర్ ప్రయాణికులకూ ఇలాంటి అనుభవమే. బహ్రెయిన్‌లో బయల్దేరిన విమానాన్ని సాంకేతిక కారణాలతో కువైట్‌లో దించారు. సుమారు 60 మంది భారతీయులు అక్కడ గంటల తరబడి చిక్కుకుపోయారు. చాలాసేపటి వరకు తమకు తిండి అందలేదని వాళ్లు ఆరోపించారు. చివరకు కువైట్‌లోని భారత రాయబార కార్యాలయం రంగంలోకి దిగాల్సి వచ్చింది.

ఇక 2025 డిసెంబర్‌లో ఇండిగో సంక్షోభం అందరికీ గుర్తుండే ఉంటుంది. పైలట్ల విశ్రాంతిపై వచ్చిన కొత్త నిబంధనలకు తగ్గట్టు సిబ్బందిని సర్దుకోలేక ఆ సంస్థ వందల విమానాలు రద్దు చేసింది. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా సర్వీసులు ఆగిపోయాయి. శంషాబాద్ సహా దేశంలోని పెద్ద ఎయిర్‌పోర్టులన్నీ ప్రయాణికులతో కిక్కిరిసిపోయాయి.

ఈ మూడు ఘటనలకు కారణాలు వేరు. కానీ ఒకటి కామన్. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది ఆకలి, విసుగు, కోపం. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు మాత్రం అది ప్రాణం మీదికి వచ్చే విషయం.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

విమానాలు ఆలస్యమైతే ప్రయాణికులకు ఏమివ్వాలో మన దేశంలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు పెట్టింది. వాటి ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే 2 గంటల ఆలస్యానికే, రెండున్నర నుంచి 5 గంటల ప్రయాణమైతే 3 గంటల ఆలస్యానికి, అంతకంటే పెద్ద ప్రయాణాలకు 4 గంటల ఆలస్యానికి భోజనం, రిఫ్రెష్‌మెంట్స్ ఇవ్వాలి. 2025 జనవరిలో దీనికి ఇంకొంత స్పష్టత ఇచ్చింది. 2 గంటల వరకు ఆలస్యమైతే నీళ్లు, 2 నుంచి 4 గంటలైతే టీ లేదా కాఫీతో స్నాక్స్, 4 గంటలు దాటితే భోజనం అని చెప్పింది.

యూరప్ నుంచి బయల్దేరే విమానాలకు అక్కడి చట్టం ప్రకారం ఎదురుచూసే సమయానికి తగ్గట్టు తిండి, డ్రింక్స్ ఇవ్వాలి. అమెరికాలో విమానం గేటు వదిలి రన్‌వే దగ్గర ఆగిపోతే 2 గంటల్లోపు తిండి, తాగునీరు ఇవ్వాల్సిందే. అయితే ఒక చిన్న స్నాక్ బార్ ఇచ్చినా రూల్ పాటించినట్టే లెక్క.

గమనించారా? ఎంతసేపటికి ఇవ్వాలో అన్నీ చెబుతున్నాయి. ఎవరికి ఏది ఇవ్వాలో మాత్రం చెప్పడం లేదు. డయాబెటిక్ మీల్ అని ముందే చెప్పిన ప్రయాణికుడికి బిస్కెట్ ప్యాకెట్, ఫ్రూట్ జ్యూస్ చేతిలో పెట్టినా కాగితం మీద రూల్ పాటించినట్టే. ప్రశ్నించడానికి అతని దగ్గర ఆధారం ఉండదు.

ఒక్కసారి మాత్రం చెప్పింది

అలా చెప్పడం కుదరదా అంటే.. కుదురుతుంది. పహల్గాం ఉగ్రదాడి తర్వాత 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ మన విమానాలకు గగనతలాన్ని మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా, యూరప్ వెళ్లే భారతీయ విమానాలు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ప్రయాణ సమయం పెరిగింది. కొన్ని ఉత్తర అమెరికా విమానాలు ఇంధనం కోసం యూరప్‌లో ఆగాల్సి వచ్చింది.

ఆ సమయంలో ఏప్రిల్ 26న డీజీసీఏ విమానయాన సంస్థలకు ఒక అడ్వైజరీ ఇచ్చింది. ప్రయాణం ఎంతసేపు పడుతుందో చెక్-ఇన్ దగ్గరే ప్రయాణికులకు చెప్పాలంది. వాస్తవంగా పట్టే సమయాన్ని బట్టి తిండి లెక్కలు మార్చుకోవాలని, మధ్యలో ఆగినప్పుడు కూడా సరిపడా ఆహారం, నీళ్లు, స్పెషల్ మీల్స్ ఉండేలా చూసుకోవాలని చెప్పింది. మెడికల్ కిట్లు సరిపడా ఉన్నాయో లేదో చూసుకోమంది.

అంటే ఈ అవసరం ఉందని నియంత్రణ సంస్థకు తెలుసు. సంస్థలను అడగడమూ తెలుసు. కాకపోతే అది ఒక ప్రత్యేక పరిస్థితికి ఇచ్చిన సూచన. పొగమంచుకో, టెక్నికల్ స్నాగ్‌కో, సిబ్బంది కొరతకో విమానం ఆగినప్పుడు వర్తించే సాధారణ నిబంధనల్లోకి ఆ ‘స్పెషల్ మీల్స్’ అనే రెండు మాటలు రావాలి.

సంస్థల ఇబ్బంది కూడా ఉంది

విమానయాన సంస్థల వాదనను కొట్టిపారేయలేం. విమానంలో తిండి అక్కడ వండరు. విమానాశ్రయం దగ్గర ఉన్న కిచెన్లలో గంటల ముందే వండి, చల్లబరిచి, ట్రాలీల్లో ఎక్కిస్తారు. స్పెషల్ మీల్ అయితే ఏ సీటుకు ఏ ట్రే అన్నది కూడా ముందే రాసి ఉంటుంది. ఎక్స్‌ట్రా ట్రేలు ఎక్కిస్తే బరువు పెరుగుతుంది. మిగిలితే పారేయాలి. దియార్‌బకిర్ లాంటి చోట అర్ధరాత్రి 200 మందికి వండి పెట్టే కిచెన్ కూడా దొరకదు.

కానీ ఇక్కడ అడుగుతున్నది వేడి వేడి భోజనం కాదు. నెలల తరబడి నిల్వ ఉండే వేయించిన శనగలు, పల్లీలు, ఉప్పు లేని నట్స్, గ్లూటెన్ లేని బార్లు, గ్లూకోజ్ బిళ్లలు.. ఇవి ఒక చిన్న పెట్టెలో పడతాయి. ఎంతమంది స్పెషల్ మీల్ అడిగారో సంస్థ దగ్గర లిస్టు ఉంటుంది. ఆ లెక్కన కొన్ని ప్యాకెట్లు ప్రతి లాంగ్ ఫ్లైట్‌లో ఉంచడం పెద్ద భారం కాదు. టికెట్‌లో భోజనం లేకపోయినా, విమానం ఆగిపోయిన సమయానికి అవి పనికొస్తాయి.

ఎంతమందికి అవసరం?

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. అంటే ఇది ఎక్కడో ఒకరిద్దరి సమస్య కాదు. ఏ పెద్ద విమానం తీసుకున్నా పదుల సంఖ్యలో షుగర్ ఉన్నవాళ్లు ఉండే అవకాశం ఉంది.

రక్తంలో గ్లూకోజ్ 70 మిల్లీగ్రాముల కంటే కిందికి వస్తే దాన్ని లో షుగర్ అంటారు. చెమటలు, వణుకు, గుండె దడ, అయోమయం.. ఇంకా పడిపోతే స్పృహ తప్పడం. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు ఈ రిస్క్ ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు తక్కువ. విమానంలో లైట్లు ఆపేసి అందరూ నిద్రపోతున్నప్పుడు పక్క సీటు మనిషికి షుగర్ పడిపోయిందో, నిద్రపోతున్నాడో పక్కవాళ్లకు తెలియదు.

మరి ప్రయాణికులు ఏం చేయాలి?

రూల్స్ మారేదాకా ఆగలేం కాబట్టి బ్యాగులో కొంత సర్దుకోక తప్పదు. డాక్టర్లు సాధారణంగా చెప్పే జాగ్రత్తలు ఇవీ..

విమానం టైమ్ కాదు, ఇంటి గడప నుంచి అవతలి ఇంటి గడప దాకా లెక్క వేసుకోవాలి. దానికి ఇంకో పూట తిండి కలిపి పెట్టుకోవాలి. మందులైతే ప్రయాణానికి అవసరమైనదానికి రెట్టింపు ఉండాలి.

ఇన్సులిన్, మాత్రలు, గ్లూకోమీటర్ హ్యాండ్ బ్యాగులోనే ఉండాలి. చెక్-ఇన్ లగేజీలో పెడితే పై చలికి ఇన్సులిన్ గడ్డకట్టొచ్చు. ఒకసారి గడ్డకడితే అది పనికిరాదు. పైగా లగేజీ వేరే ఊరికి వెళ్లిపోతే మొదటికే మోసం. ప్రిస్క్రిప్షన్, ఇంగ్లీషులో డాక్టర్ లెటర్ వెంట ఉండాలి.

భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌ను ట్రే ముందుకు వచ్చాకే వేసుకోవాలి. ట్రాలీ కనిపించింది కదా అని ముందే వేసుకుంటే, ఈలోపు విమానం కుదుపులకు లోనై సర్వీస్ ఆపేస్తే ఇబ్బందే.

షుగర్ పడిపోయినట్టు అనిపిస్తే 15 గ్రాముల గ్లూకోజ్ వెంటనే తీసుకోవాలి. 15 నిమిషాలు ఆగి మళ్లీ చెక్ చేసుకోవాలి. గ్లూకోజ్ బిళ్లలు పైన బ్యాగులో కాదు, జేబులో ఉండాలి.

పడమరకు, అంటే అమెరికా వైపు వెళ్తే రోజు సాగుతుంది. తూర్పుకు వెళ్తే రోజు తగ్గుతుంది. ఏ డోసు ఎప్పుడు అన్నది బయల్దేరే ముందే డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోవాలి.

ఇంటి తిండి తీసుకెళ్తే..

ఇంటి తిండిని మించింది లేదు. కానీ ఏది సర్దాలన్నది రోగాన్ని బట్టి ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు చపాతీ, జొన్న రొట్టె, వేయించిన శనగలు, పల్లీలు నయం. పులిహోర పాడవకపోయినా అది అన్నమే కాబట్టి ఎంత తింటున్నారో చూసుకోవాలి. కిడ్నీ పేషెంట్లకు పొడులు, ఊరగాయల్లోని ఉప్పు, అరటిపండులోని పొటాషియం మంచివి కావు. గోధుమ పడనివాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. మార్కెట్‌లో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమ పిండో, మైదానో కలుపుతారు. పులిహోరలో గోధుమ ఎక్కడుందని అనుకుంటే పొరపాటే.

అంతర్జాతీయ విమానాల్లో సెక్యూరిటీ దగ్గర 100 మిల్లీలీటర్ల రూల్ ఉంటుంది. పెరుగు, నెయ్యి, పచ్చళ్లు ద్రవాల లెక్కలోకే వస్తాయి. మందులకు, చంటిపిల్లల ఆహారానికి మినహాయింపు ఉంటుంది, కానీ చూపించి చెప్పాలి. మధ్యలో విమానం మారే చోట మళ్లీ చెకింగ్ ఉంటుంది. ఖాళీ బాటిల్ తీసుకెళ్లి లోపల నీళ్లు నింపుకోవడం మేలు.

గల్ఫ్ వెళ్లేవాళ్లు గసగసాలు కలిపిన మసాలాలు, కూరలు అసలు పెట్టుకోవద్దు. యూఏఈలో గసగసాలు నిషేధిత పదార్థం. అమెరికా, ఆస్ట్రేలియాల్లో దిగినప్పుడు మిగిలిన తిండి ఏదైనా ఉంటే డిక్లేర్ చేయాలి. దాచిపెడితే జరిమానా పడొచ్చు. ఇంకో సంగతి.. కొన్ని లో-కాస్ట్ సంస్థల నిబంధనల్లో బయటి తిండి విమానంలో తినకూడదని ఉంటుంది. ఆరోగ్య కారణం ఉన్నవాళ్లు బుకింగ్ అప్పుడే సంస్థకు మెయిల్ పెట్టి, జవాబును ఫోన్‌లో దాచుకోవాలి. విమానం ఎక్కగానే షుగర్ ఉందని క్రూకు చెప్పడానికి మొహమాటపడొద్దు.

ఒక్క వాక్యం చాలు

ప్రయాణికుడు తన జాగ్రత్తలో తాను ఉండాలి. అందులో అనుమానం లేదు. కానీ మొదటిసారి విమానం ఎక్కే 65 ఏళ్ల తల్లికి ఈ కోడ్‌లు, కోడ్‌షేర్లు, 24 గంటల గడువులు ఎలా తెలుస్తాయి? ఇంగ్లీషులో అడగలేని గల్ఫ్ కార్మికుడు కువైట్‌లోనో, ఇంకోచోటో ఆగిపోతే ఎవరిని అడగాలి?

ఆలస్యమైనప్పుడు ఇచ్చే భోజనం, ప్రయాణికుడు ముందే చెప్పిన ఆరోగ్య అవసరానికి తగ్గట్టు ఉండాలి. డీజీసీఏ నిబంధనల్లో ఈ ఒక్క వాక్యం చేరితే ఆ టిక్కుకు విలువ వస్తుంది. వేరే విమానంలోకి మార్చినా రిక్వెస్ట్ దానంతట అదే వెంట వెళ్లాలి, కుదరకపోతే ఎక్కేముందే ప్రయాణికుడికి చెప్పాలి. ఈ సమాచారం శంషాబాద్, గన్నవరం, విశాఖ ఎయిర్‌పోర్టుల్లో తెలుగులో కనిపించాలి. 2025 ఏప్రిల్‌లో రెండు రోజుల్లో అడ్వైజరీ ఇవ్వగలిగిన సంస్థకు ఇది అంత కష్టమైన పనేమీ కాదు. అప్పటివరకు మాత్రం.. జేబులో గ్లూకోజ్ బిళ్లలు, బ్యాగులో ఒక పూట తిండి ఎక్కువ పెట్టుకునే బయల్దేరాలి.